వరస మాస్టారు

కంప్యూటరు మాస్టారు పోయారని మొన్న మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఫోన్ చేసినావిడ ముందు దినం ఎప్పుడో చెప్పింది. తర్వాత ఆస్పత్రిలో ఎన్నాళ్ళున్నారో చెప్పింది. ఆఖర్న గానీ మనిషి పోయారన్న మాట బయటికి రాలేదు. నేను ఫోను పట్టుకుని నవ్వేశాను. తప్పే. కానీ ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా నవ్వుతారు. ఆయనే బతికుండి పక్కన కూర్చుని ఉంటే ఆ ఫోను లాక్కుని, "అలా కాదండీ, ముందు జబ్బు, తర్వాత చావు, ఆ తర్వాత దినం. వరస తప్పితే వినేవాళ్ళు హ్యాంగయిపోతారండీ" అని తన చావు కబురు తనే సరిచేసి చెప్పేవారు.

మేం అప్పుడు నిడదవోలులో ఉండేవాళ్ళం. వీధి మొత్తానికీ ఒకటో రెండో ఫోనులున్న రోజులు. మా ఆయన ఊరి చివర బియ్యం మిల్లులో కాటా గుమాస్తా. ధాన్యం ట్రాక్టరు లోపలికొస్తే తూకం చూసి బరువు పైకి చెప్పడం ఆయన పని. పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీ. మా మేడ మీద గది ఖాళీ అయితే ఈ మాస్టారు దిగారు. కోనసీమ మనిషి. ముప్పై అయిదు దాటాయి, పెళ్ళి ఊసు లేదు. ఒక ట్రంకుపెట్టె, మూడు గోనెసంచులతో వచ్చారు. పెట్టెలో బట్టలు, సంచుల్లో సామాను ఉంటాయనుకున్నాం. మర్నాడు చూస్తే పెట్టెలో దూది పరిచి, దాని మీద తీగలూ పచ్చ పలకలూ పడుకోబెట్టి ఉన్నాయి. బట్టలు గోనెసంచిలో ఉన్నాయి.

సాయంత్రాలు స్టేషను దగ్గర కుర్రకారుకి కంప్యూటరు పాఠాలు చెప్పేవారు. తక్కిన పొద్దంతా మేడ మీద మిషన్లతో కుస్తీ. పూటా క్యారేజీ నేనే కట్టేదాన్ని.

పొద్దున్నే కాఫీ తీసుకెళ్ళి "మాస్టారూ" అని పిలిస్తే లోపల్నుంచి, "నేనింకా ఇనిషియలైజ్ అవ్వలేదండి అక్కగారూ" అని వినబడేది. ఆ మాటకి అర్థం మొహం కడుక్కోలేదని. చొక్కా బొత్తాలు కిందనుంచి పైకి పెట్టుకునేవారు. పైనుంచి మొదలెడితే ఒక్కోసారి ఆఖర్న ఒకటి మిగిలిపోతుందట. కిందనుంచి మొదలెట్టినా మిగిలేది, పైన. మెడ దగ్గర ఒక కొస ఎత్తుగా, ఒక కొస పల్లంగా పెట్టుకుని బజారుకి వెళ్ళేవారు. మా ఆయన ఒకసారి ఉండబట్టలేక చెప్పారు.

"మాస్టారూ, బొత్తాం తప్పిందండి."

"తప్పలేదండి గుమాస్తాగారూ. వరస సరిగ్గానే ఉంది. మొదలుపెట్టిన చోటే కొద్దిగా తేడా."

అదీ మనిషి. ఆయన దగ్గర తప్పుండదు. తేడా ఉంటుంది.

"కెర్నలు, కెర్నలు అంటారు, అదేంటండీ?" అని ఒకరోజు అడిగాను. పప్పు పొయ్యి మీద ఉంది, ఉడికేదాకా ఏదో ఒకటి విందామని. పప్పు ఉడికింది, చారు మరిగింది, అన్నం వార్చాను, ఆయన ఇంకా మొదటి ముక్కలోనే ఉన్నారు.

"స్విచ్ వేశారనుకోండి అక్కగారూ. లోపలికి కరెంటు వెళ్ళింది. ఇప్పుడు మిషనుకి ఏం తెలుసు?"

"ఏం తెలుసు?"

"ఏమీ తెలీదండి. తనకి కీబోర్డుందని తెలీదు, తెర ఉందని తెలీదు, తన దగ్గర జాగా ఎంతుందో తెలీదు."

"పుట్టిన పిల్లలాగన్నమాట."

"కాదండీ! పుట్టిన పిల్లకి ఏడవడం వచ్చండి. దీనికి అదీ రాదు. ఏడవాలంటే ముందు తెర లేవాలి."

ఈ కెర్నలనేది లోపల కూర్చుని ఒక్కొక్కళ్ళనే నిద్ర లేపుతుందట. ముందు జాగా లేవాలి. ఆయన మెమరీ అనేవారు, నాకు జాగా అని చెప్పేవారు. జాగా ఎంతో తేలకపోతే తర్వాత లేచేవాళ్ళు సామాను ఎక్కడ దింపుకుంటారు? జాగా తర్వాత తప్పుల చిట్టా. మధ్యలో ఎవరైనా పడిపోతే ఎవర్ని కేకెయ్యాలో అందులో ఉంటుంది. ఆ తర్వాత తలుపు, బయటనుంచి ఎవరు కొట్టినా వినబడటానికి. నాలుగోది గడియారం. తర్వాత కీబోర్డు, తెర, ప్రింటరు. వీళ్ళందరూ లేచాక ఆఖర్న అసలు పని. మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిదీ గది గోడ మీద సుద్దముక్కతో ఒకదాని కింద ఒకటి రాసి పెట్టుకున్నారు. దేవుడి పటం ఉండాల్సిన గోడ.

"లేవనివాణ్ణి సాయం అడక్కూడదండి. ఇంతే శాస్త్రం" అనేవారు వేలెత్తి. "అడిగితే వాడు పలకడు. పలికేదాకా అడిగినవాడు కదలడు. ఇద్దరూ అలాగే ఉండిపోతారు."

ఇది మిషనుతో ఆగితే బాగుండేది. పాలమనిషి వచ్చి పిలిస్తే, "గిన్నె కడక్కముందే పాలని ఎందుకు పిలుస్తారండీ" అని నాతో తగువు. ఒకనాడు నా వంటింట్లో గోడకి ఓ కాగితం అంటించి వెళ్ళారు. పొద్దున్న లేచింది మొదలు నేను ఏది ముందు చెయ్యాలో, ఏది వెనక చెయ్యాలో పంతొమ్మిది అంకెలు వేసి రాశారు. పదిహేనేళ్ళుగా వండుతున్నదాన్ని! మొదటి అంకె దగ్గర 'పొయ్యి వెలిగించుట' అని ఉంది. ఆ రోజు గ్యాసు లేదు, కట్టెల పొయ్యి. చెప్పినట్టే మొదటి అంకెతో మొదలుపెట్టాను. ఆ కాగితంతోనే వెలిగించాను. మధ్యాహ్నం వచ్చి గోడకేసి చూసి, "కాగితమేదండీ?" అన్నారు. "మొదటి అంకెలోనే అయిపోయిందండి" అన్నాను. పొయ్యిలో బూడిదకేసి చూసి, "కాపీ ఉంది లెండి" అని మేడెక్కారు.

ఇంతలో మిల్లులో పాత రాళ్ళ కాటా మార్చాలనుకున్నారు. ట్రాక్టరు ఎక్కి నిలబడితే బరువు తెర మీద పడే కాటా పెట్టాలని మిల్లు యజమాని కామందుగారి ఆలోచన. బయట కంపెనీవాళ్ళ కంప్యూటరు తెచ్చి పెట్టారు కూడా. ఊక దుమ్ముకి మూడు నెలల్లో దాని లోపల తిరిగే డిస్కు కాస్తా చచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తనంతట తను లేవలేకపోయేది కూడాను. మా ఆయన చొరవ చేసి, మా మేడ మీద ఒకాయన ఉన్నారు, డిస్కు లేకుండా చిన్న చిప్పులోనే అంతా రాసి పెడతారు, కరెంటు ఎన్నిసార్లు పోయినా దానంతటదే వరసగా లేస్తుందట అని చెప్పారు.

"నమ్మొచ్చా?" అన్నారట కామందుగారు.

"నాదీ పూచీ అండి" అన్నారట ఈయన.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పిన రోజే నాకు బెంగ పట్టుకుంది. మిల్లులో మా ఆయనకున్నదల్లా ఆ కుర్చీ, ఆ నోటి మాట. ఆయన బరువు చెబితే ఏ రైతూ రెండోసారి అడిగేవాడు కాదు. అలాంటి మాట తీసుకెళ్ళి, సొంత చొక్కా బొత్తాలు కుదరని మనిషి మీద పెట్టారు.

రెండు నెలలకి మిషను తయారైంది. కామందుగారు తల్లిని వెంటబెట్టుకుని చూడటానికి మా ఇంటికే వచ్చారు. పెద్దాపురం ఆడపడుచు ఆ మామ్మగారు. కొడుకు ఎంత కామందైనా ఆవిడ ముందు 'సరేనమ్మా' తప్ప ఇంకో మాట రాదు. మాస్టారు గోడ మీది ఎనిమిదీ చూపించి, గొంతు సవరించుకుని మొదలెట్టారు. మామ్మగారు అంతా విని ఒకటే అడిగారు.

"ఇందులో వినాయకుడేడీ?"

"ఎవరండీ?"

"వినాయకుడు నాయనా. స్విచ్ వెయ్యగానే ముందు స్వామి కనబడాలి. ఆ తర్వాతే తక్కినవి."

మాస్టారి మొహం చూడాలి. "కుదరదండి మామ్మగారూ. తెర ఆరోది. తెర లేచాక గానీ బొమ్మ రాదు. ఎంత కాదన్నా ఆయన ఏడోవారండి."

"ఏడోవాడా!" మామ్మగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఏరా, మన మిల్లులో వినాయకుడు ఏడోవాడట. విన్నావా?"

"మాస్టారూ..." అన్నారు కామందుగారు.

"జాగా లేకుండా ఆయన ఎక్కడ నిలబడతారండీ?" మాస్టారు గోడ మీద సుద్దముక్కతో టకటకా కొట్టారు.

"మూడు లోకాల్లో నిలబడ్డవాడికి నువ్వు జాగా ఇస్తావా?"

నేను లోపలికి పారిపోయి నవ్వుకున్నాను. మర్నాడు, ఆ మర్నాడు కూడా ఇదే రభస. మిల్లు నుంచి మనిషి రావడం, మాస్టారు సుద్దముక్క పట్టుకోవడం. చివరికి ఆయనే ఒక దొడ్డిదారి కనిపెట్టారు. తెరని నిద్ర లేపకుండా, దాని గోడ మీద నేరుగా చుక్కలూ నక్షత్రం గుర్తులూ చల్లితే బొమ్మలా కనిపిస్తుందట. దొంగతనం చేసినవాడిలా గొంతు తగ్గించి చెప్పారు నాకు. "శాస్త్రం ఒప్పదండి. కానీ పెద్దావిడ." గోడ మీద అన్నిటికన్నా పైన 'వినాయకుడు' అని ఇరికించి రాశారు.

నక్షత్రాలతో వినాయకుణ్ణి గీస్తే తొండం కుడివైపు తిరిగింది. కుడి తొండానికి నిష్ఠ ఎక్కువ, దుమ్ములో పెట్టే స్వామికి పనికిరాదన్నారు మామ్మగారు. ఎడమకి తిప్పడానికి మూడు రోజులు పట్టింది. "స్వామి తర్వాత మా పెద్దాపురం మరిడమ్మ తల్లిని కూడా..." అని ఆవిడ అంటుంటే మాస్టారు రెండు చేతులూ జోడించారు. "ఒక్కరినండి. ఇద్దర్ని నా వల్ల కాదండి."

మిల్లులో కాటా పెట్టే ముహూర్తానికి ముందు రోజు మా ఇంట్లోనే వేసి చూపించారు. వినాయకుడు ఇలా మెరిసి అలా మాయమైపోయాడు. ఆ మిషను లేవడం అంత చురుకు మరి. మామ్మగారి చేతులు సగం పైకి లేచి ఆగిపోయాయి.

"దణ్ణం పెట్టుకునే లోపే వెళ్ళిపోయాడేంటి?"

"పది సెకన్లు ఉంచండి మాస్టారూ. అమ్మ శ్లోకం చదువుకుంటుంది" అన్నారు కామందుగారు.

"ఒక్క లైనండి. కాసేపు ఆగమని ప్రింటరు దగ్గర రోజూ రాస్తున్నదే" అన్నారు మాస్టారు తేలిగ్గా.

చిప్పులో రాసినది చెరపాలంటే ఊదారంగు దీపమున్న డబ్బాలో పెట్టాలి. మర్నాడు పొద్దున్న చెరిపి, కొత్తగా రాసి, కొత్త చిప్పు జేబులో వేసుకుని మెట్లు దిగారు. "ఒకసారి వేసి చూసుకోరా?" అన్నాను. "ఒక్క లైనుకి చూసేదేముందండి, ముహూర్తం మించిపోతోంది" అన్నారు. ఆ రోజు బొత్తాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

మిల్లుకి మమ్మల్ని కూడా పిలిచారు. పాత కాటాని తెల్లవారుతూనే ఊడదీసి షెడ్డు వెనక పడేశారు, పద్దెనిమిదేళ్ళ నాటి దాన్ని. కొత్త కాటా పళ్ళెం మీద పసుపు చల్లి మొదటి ట్రాక్టరుని ఎక్కించారు. దాని వెనక కాలవ గట్టు పొడుగునా ట్రాక్టర్లే. తూర్పున మబ్బు పట్టి ఉంది, ధాన్యం మీద కప్పడానికి పట్టాలు లేనివాళ్ళు ఆకాశంకేసి చూస్తున్నారు. తెరకి దండ వేశారు, కీబోర్డుకి బొట్టు పెట్టారు. "చేతి చలవున్న మనిషి నువ్వు వెయ్యవయ్యా" అన్నారు కామందుగారు మా ఆయనతో. ఈయన చేతులు పంచెకి తుడుచుకుని స్విచ్ నొక్కారు.

వినాయకుడు వచ్చాడు. చప్పట్లు కొట్టారు. పురోహితుడు హారతిచ్చారు. అందరూ చేతులు జోడించారు. మామ్మగారు శ్లోకం చదివారు. వినాయకుడు ఉన్నాడు. ఆవిడ మళ్ళీ చదివారు. ఉన్నాడు. మూడోసారి చదివాక, "ఇంకా ఎంతసేపురా?" అన్నారు మెల్లిగా. ఎదురుగా స్వామి ఉండగా చేతులు దించడమెలా? కామందుగారు దించలేదు, కాబట్టి గుమాస్తాలు దించలేదు. గుమాస్తాలు దించలేదు కాబట్టి హమాలీలు దించలేదు. ట్రాక్టరు మీద డ్రైవరు కూడా స్టీరింగు వదిలేసి జోడించుకునే ఉన్నాడు. పావుగంట మిల్లు మిల్లంతా అలాగే నిలబడిపోయింది.

"స్వామివారు ప్రసన్నంగా ఉన్నారు" అన్నారు పురోహితుడు, ఏదో ఒకటి అనాలి గనక.

మాస్టారి పెదాలు కదులుతున్నాయి. జపం చేస్తున్నారనుకున్నారందరూ. నేను పక్కనే ఉన్నాను. "జాగా, చిట్టా, తలుపు, గడియారం" అంటున్నారు. ఆగి, "గడియారం" అని ఇంకోసారి అన్నారు. మొహం తుడుచుకున్నారు.

"ఏంటండీ మాస్టారూ ఇది?" కామందుగారు చేతులు దించేశారు.

మాస్టారు తెరకేసి చూశారు, ట్రాక్టర్లకేసి చూశారు. ఆఖరికి మా ఆయనకేసి చూశారు.

"స్విచ్ ఒక్క దెబ్బకి నొక్కాలండి. గుమాస్తాగారు కాస్త తడబడ్డారు. కరెంటు తగిలి, వదిలి, మళ్ళీ తగిలింది. చిప్పు కంగారు పడిపోయిందండి."

అందరూ మా ఆయన చేతికేసి చూశారు. ఈయన కూడా తన వేలు తనే చూసుకున్నారు, ఎవరి వేలో అన్నట్టు.

"నీ పూచీ అన్నావు కదయ్యా" అన్నారు కామందుగారు. గట్టిగా కూడా అనలేదు. ట్రాక్టర్లు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి ఎదుటి మిల్లు దారి పట్టాయి. అవి వెళ్ళేదాకా చూసి, "రేపట్నుంచి నువ్వు తవుడు గొడౌను చూసుకో. కాటా ఇంకెవరైనా చూస్తారు" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ట్యూబులైటు స్విచ్ వేశారు. తీశారు. మళ్ళీ వేశారు. నాలుగోసారికి నేను వంటింట్లోంచి వచ్చాను.

"ఏమే, నేను తడబడ్డానంటావా?"

"లేదండీ."

"చెయ్యి వణికిందేమో, నాకు తెలీలేదేమో." మళ్ళీ వేశారు.

మేడ మీద ఊదా దీపం వెలుగుతోంది.

మర్నాడు మాస్టారు కొత్త చిప్పుతో పెందలాడే మిల్లుకి వెళ్ళిపోయారు. క్యారేజీ గిన్నెలు తెచ్చుకుందామని మేడెక్కాను. గోడకేసి చూస్తే, పైన ఇరికించి రాసిన వినాయకుడు లేడు. తడిగుడ్డతో తుడిచిన మరక ఉంది. 'గడియారం' కింద, రెండు వరసల మధ్య, కొత్త సుద్దతో ఉన్నాడు.

గిన్నెలు అక్కడే పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. పది సెకన్లు ఉండమన్నారు స్వామిని. పది అయ్యాయో లేదో చెప్పాల్సింది గడియారం. ఆ గడియారాన్ని లేపేది స్వామి వెళ్ళాక. స్వామి వెళ్ళేది గడియారం పది చెప్పాక. ప్రింటరు దగ్గర ఆ లైను పనిచేసిందంటే చెయ్యదూ మరి, అప్పటికి గడియారం లేచే ఉంటుంది! ఏడాదిగా నా వంటింటి గుమ్మంలో వేలెత్తి చెప్పిన శాస్త్రం ఇదే, లేవనివాణ్ణి అడక్కూడదని. అయిదో తరగతి దాన్ని నాకే ఇంత వెలిగితే, నిన్న తెర ముందు నిలబడ్డ ఆయనకి ఎప్పుడు వెలిగి ఉంటుంది? రెండోసారి 'గడియారం' అన్నప్పుడే. ఆ తర్వాతే మా ఆయనకేసి చూశారు. ఆ వరస నాకు అస్సలు మింగుడు పడలేదు.

మా ఆయన క్యారేజీ తీసుకుని నేనే మిల్లుకి బయల్దేరాను. వెళ్ళేసరికి కాటా నడుస్తోంది. మా ఆయన కుర్చీలో ఎవరో కుర్రగుమాస్తా కూర్చుని బరువు చదువుతున్నాడు, రైతులు మెడ సాచి తెరకేసి సొంతంగా చూసుకుంటున్నారు. ఈయన దూరంగా తవుడు బస్తాల మధ్య కనుబొమ్మల దాకా తెల్లగా అయిపోయి ఉన్నారు. మాస్టారు కామందుగారితో అంటున్నారు, "చూశారా అండి, ఒక్క దెబ్బకి నొక్కితే ఎలా లేచిందో."

"ఏమ్మా, నువ్వొచ్చావేంటి?" అన్నారు కామందుగారు.

"మిషను లేచిందటగా అయ్యగారూ, చూసిపోదామని. మాస్టారూ, ఆ వరస ఒక్కసారి చెప్పరూ? అయ్యగారు పూర్తిగా విన్నారో లేదో."

ఆయన్ని వరస చెప్పమనడమంటే, పసిపిల్లకి మిఠాయి చూపించడమే. మొహం వెలిగిపోయింది. వేళ్ళు మడుస్తూ మొదలెట్టారు.

"ముందు జాగా అండి. జాగా లేనిదే ఏదీ లేదు. తర్వాత తప్పుల చిట్టా. మూడు తలుపు. నాలుగు గడియారం. గడియారం చాలా ముఖ్యమండి. అయిదు వినాయకుడు. ఆరు..."

"ఆగండాగండి" అన్నారు కామందుగారు. ధాన్యం చేత్తో నలిపి తేమ చెప్పే మనిషి ఆయన, వింటున్నట్టు కనబడరు గానీ అన్నీ వింటారు. "వినాయకుడు ఎన్నోవారన్నారు?"

"అయిదోవారండి."

"నిన్న ఎన్నోవారు?"

మాస్టారి వేలు మడిచింది మడిచినట్టే ఉండిపోయింది. అప్పుడు ఆయన ఏం చెప్పినా చెల్లేది. ఆ గోడ మీద మార్పు చూసింది నేనొక్కదాన్నే. నిన్నా అయిదోవారే అంటే కాదనగలిగినవాళ్ళు ఆ మిల్లులో లేరు. నేను మాత్రం ఏమని వాదిస్తాను? ఆయన మడిచిన వేళ్ళు విప్పేశారు.

"నిన్న మొదటివారండి" అన్నారు.

"స్విచ్ తప్పయితే స్విచ్ సరిచేసుకోవాలి గానీ, స్వామిని ఎందుకు జరిపారండీ?"

చూడండి మరి, పద్దెనిమిదేళ్ళ మనిషిని నలుగురిలో నిలబెట్టి అబద్ధం ఆడటానికి ఆ నోటికి ఏ అడ్డూ రాలేదు. వరస మీద ఒక్క అబద్ధం ఆడమంటే మాత్రం ప్రాణం పోయినట్టయింది.

"గడియారం లేవలేదండి" అన్నారు చివరికి.

"లేవలేదా, మీరు లేపలేదా?"

"లేవలేదండి."

నిన్న మా ఆయన, ఇవాళ గడియారం. కామందుగారికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. గొడౌనుకేసి తిరిగి, "రావయ్యా, ఆ తవుడు దులుపుకుని వచ్చి నీ కుర్చీలో కూర్చో" అని కేకేశారు. తర్వాత మాస్టారితో, "స్వామి అయిదో చోటే ఉండనివ్వండి. ముందున్న నలుగురూ ఎవరికీ కనబడరు, తెర మీద ముందు కనబడేది ఆయనేగా. మా అమ్మకి మాత్రం ఈ సుద్దముక్క పాఠం చెప్పకండి" అన్నారు.

మా ఆయన వచ్చి కూర్చున్నారు. ఆగి ఉన్న ట్రాక్టరు బరువు పైకి చదివారు. రైతు తెరకేసి చూడకుండా ట్రాక్టరు దింపుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట మాస్టారికి క్యారేజీ కట్టకూడదనుకున్నాను. కట్టాను, పప్పులో ఉప్పు మాత్రం వెయ్యలేదు. గిన్నెలు ఖాళీగా కిందికొచ్చాయి. ఉప్పు తక్కువని ఆయన అనలేదు. అనాలంటే దానికి ముందు ఇంకో మాట అనాల్సి ఉంటుంది మరి. ఆ మాట మర్నాడు కూడా రాలేదు, ఆ నెలా రాలేదు. కాటా మాత్రం ఏళ్ళ తరబడి కరెంటు పోయిన ప్రతిసారీ దానంతటదే లేచింది. ఆ పని గొప్పదని ఎవరన్నా ఒప్పుకుంటాను. మనిషి సంగతి అడగొద్దు.

మరుసటేడు ఆయనకి విశాఖలో ఉద్యోగం వచ్చింది. బస్టాండుకి సాగనంపడానికి ఇద్దరం వెళ్ళాం. మా ఆయనే బస్సు పైకెక్కి ట్రంకుపెట్టె కట్టి దిగారు. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని సంచి సర్దుకున్నారు, చిల్లర చూసుకున్నారు, నాతో పచ్చడి జాడీ గురించి మాట్లాడారు, పక్కాయనకి కాళ్ళు ఎలా పెట్టుకోవాలో చెప్పారు. కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలింది. పది బారలు వెళ్ళాక కిటికీలోంచి తల, ఒక చెయ్యి బయటికొచ్చాయి.

"గుమాస్తాగారూ! ఆ వేళ స్విచ్ మీరు సరిగ్గానే వేశారండీ!"

హారను మోతలో మా ఆయనకి వినబడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఏంటే, ఏంటంటారు?"

"ఆ రోజు స్విచ్ మీరు సరిగ్గానే వేశారట."

"నాకు తెలీదా ఏంటి!" అని సైకిలు స్టాండు తీశారు. మిల్లుకి టైమైంది. నేను వెనక ఎక్కాను. ఇంటిదాకా బెల్లు కొడుతూనే ఉన్నారు, దారిలో ఎవరూ అడ్డం లేకపోయినా.